స్కూటరుకు జ్వరం లేదు

ప్రతి ఊరికీ ఏడాదికి ఒక్కసారైనా గుర్రాల ఫ్లూ వచ్చి తీరాలి!

తొందరపడి పేజీ తిప్పేయకండి. నేను బాధ్యత గల మనిషిని. లిఫ్టు పాడైతే గుండెకు ఎంత మేలో, పక్కింటివాళ్ళ డ్రిల్లింగ్ మెషీను మన ఏకాగ్రతను ఎలా పెంచుతుందో ఇదే చోట మీకు విడమరచి చెప్పినవాణ్ణి. మీరు విన్నారా? వినలేదు. ఈసారైనా వినండి. ఇది ఊరికే కుర్చీలో కూర్చుని అల్లిన సిద్ధాంతం కాదు. నెల రోజులు అనుభవించి రాస్తున్నది.

మా అక్క ఊరి పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పే బడి నడుపుతుంది. తొమ్మిది గుర్రాలు. మా బావ ఊళ్ళో గుర్రాలన్నిటికీ నాడాలు కొడతాడు. నేను అదే ఆవరణలో పక్క వాటాలో ఉంటాను. నా రాతబల్లకూ లాయం తలుపుకూ మధ్య పదడుగుల దూరం. గాలి అటునుంచి వీస్తే నా టీ కప్పులో ఎండుగడ్డి తేలుతుంది. గుర్రాల గురించి రాయడానికి ఇంతకన్నా అర్హత ఇంకేం కావాలి?

ఈ ఫ్లూ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఇది గుర్రాలకు వచ్చే వైరస్ జబ్బు. మనిషికి రాదు. జ్వరం వస్తుంది, ముక్కు కారుతుంది, పొడి దగ్గు పట్టుకుంటుంది. ఒక గుర్రం దగ్గితే నాలుగు గదుల అవతల ఉన్నది కూడా మంచం పడుతుంది. వైరస్సు గాలిలో వస్తుంది, నీళ్ళ బకెట్టు మీద వస్తుంది, కళ్ళెం మీద వస్తుంది, గుర్రాన్ని నిమిరిన మనిషి చొక్కా మీద కూడా దర్జాగా వస్తుంది. వయసులో ఉన్న గుర్రమైతే రెండు వారాల్లో లేచి తిరుగుతుంది. ముసలిదైతే ఊపిరితిత్తుల మీదికి వస్తుంది.

పక్క ఊళ్ళో ఈ జబ్బు కనిపించిందని తెలియగానే పశువైద్య శాఖవారు మా ఊరి లాయాలన్నిటికీ ఆదేశాలు పంపారు. ఆహా, ఏం ఆదేశాలండీ! మా ఇంటి తీరే మారిపోయింది.

మా బావనే తీసుకోండి. ముప్ఫై ఏళ్ళ కాపురంలో బూట్లు బయట విప్పమని మా అక్క చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు. అలాంటి మనిషి ఇప్పుడు గేటు దగ్గర మందునీళ్ళ పళ్ళెంలో రెండు కాళ్ళూ ముంచి, సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, చొక్కా మార్చుకుని మరీ లోపలికి వస్తున్నాడు. రోజుకు నాలుగు జతలు! పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు కూడా ఒకటే చొక్కా వేసుకొచ్చాడు.

మా పెద్దత్త ఏటా రెండు రోజులుండి వెళ్తానని వచ్చి రెండు నెలలుంటుంది. ఈసారి పెట్టెతో సహా గేటు దాకా వచ్చింది. గేటు మీద శాఖవారి కాగితం ఉంది: "అవసరం లేనివారు లోపలికి రాకూడదు." చదువుకుంది. నా వైపు చూసింది. నేను ప్రభుత్వ ఆదేశాన్ని గౌరవించే పౌరుణ్ణి కదా, తల వంచుకున్నాను. వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయింది. మనుషులకు వచ్చే ఏ జబ్బైనా ఇంత మేలు చేసిందా?

ఇక ప్రేమ సంగతి చెప్పాలి. పొద్దున్నే మా అక్క ఒక్కో గుర్రం దగ్గర ఆగి, "తిన్నావా? నీళ్ళెందుకు వదిలేశావు? ఏదీ, ముక్కు చూపించు. కళ్ళెందుకమ్మా అలా ఉన్నాయి?" అని అడుగుతుంది. నాకు పన్నెండు రోజులుగా దగ్గు. ఆ పన్నెండు రోజుల్లో మా అక్క నన్ను అడిగింది ఒకే ఒక్క మాట. "గుర్రాల వైపు తిరిగి దగ్గట్లేదు కదా?" అంతే! అయినా నేను బాధపడలేదు. నాలుగు కాళ్ళూ లేకపోవడం నా తప్పే.

అన్నిటికన్నా గొప్ప ఆదేశం జ్వరం చూడటం. ప్రతి లాయంలో ప్రతి గుర్రానికీ రోజుకు రెండుసార్లు జ్వరం చూసి, రిజిస్టరులో రాసి, ఉదయం తొమ్మిదిలోపు ఒకసారి, సాయంత్రం అయిదులోపు ఒకసారి శాఖవారి యాప్‌లో ఎక్కించాలి. గుర్రానికి జ్వరం చూడటమంటే మనకు చూసినట్టు కాదు. నాలుక కింద పెట్టుకోమంటే పెట్టుకోదు. తోక ఎత్తాలి. థర్మామీటరు లోపలికి జారి మాయమైపోకుండా దానికో దారం, దారం కొసన బట్టలారేసే క్లిప్పు, ఆ క్లిప్పు తోక వెంట్రుకలకు. అది బీప్ అనేదాకా మా అక్క ఓ పక్కగా నిలబడి గుర్రం నడుము నిమురుతూ కబుర్లు చెబుతుంది. రోజుకు పద్దెనిమిది బీపులు.

నా పని రిజిస్టరు నింపడం. చేతిరాత బాగున్నవాడికి ఇంట్లో ఇంకేం పని ఇస్తారు! ఒక్కో గుర్రానికి ఇరవై రెండు గడులు. గుర్రం దగ్గిందా? ఎన్నిసార్లు? దగ్గినప్పుడు ఎటు తిరిగి ఉంది? గత పద్నాలుగు రోజుల్లో ఏయే గుర్రాలను కలిసింది? అవి ఆరోగ్యంగా కనిపించాయా? కనిపించాయని ఎవరు చెప్పారు? ఇవన్నీ నింపేసరికి తల ప్రాణం తోకకు వచ్చేది. కానీ నింపాక యాప్‌లో ఊరి పటం చూస్తే కడుపు నిండిపోయేది. ప్రతి లాయం ఒక చుక్క. జ్వరం లేకపోతే ఆకుపచ్చ. గుర్రం ఒళ్ళు మనకన్నా వెచ్చన కాబట్టి, నూటొకటిన్నర దాటితేనే ఎరుపు. మా ఊళ్ళో ముప్ఫై ఆరు లాయాలు, ముప్ఫై ఆరు ఆకుపచ్చ చుక్కలు.

ఇక్కడ మీకు ఒక మహానుభావుణ్ణి పరిచయం చేయాలి. మా వెనక గోడకు ఆనుకుని ఉన్నది ఊళ్ళోకెల్లా పెద్ద లాయం. దాని యజమాని ముందు గది నిండా పందేల్లో గెలిచిన కప్పులే. అందుకని అందరూ ఆయన్ని ట్రోఫీలాయన అంటారు. ఆయన దగ్గర రిజిస్టరు చూసే మేనేజరు ఒకడున్నాడు. సన్నగా, భయంగా, ఎప్పుడూ చంకలో ఫైలుతో ఉంటాడు. ఆ లాయం నుంచి వచ్చే నివేదిక చూస్తే మీరు ముక్కు మీద వేలేసుకుంటారు. నలభై ఒక్క గుర్రాలు. అన్నిటికీ ఉదయం నూరు పాయింట్ రెండు. సాయంత్రం నూరు పాయింట్ రెండు. మర్నాడు నూరు పాయింట్ రెండు!

అదీ క్రమశిక్షణ అంటే! మా అక్క గుర్రాలు చూడండి, ఒకదానికి తొంభై తొమ్మిదిన్నర, ఇంకోదానికి నూరు పాయింట్ ఎనిమిది, మధ్యాహ్నం ఎండలో పరిగెత్తిందానికి నూటొకటి. ఒకదాని మాట ఒకటి వినదు. తొమ్మిది గుర్రాలకే ఇంత గందరగోళమైతే నలభై ఒక్కదాన్ని ఒకే అంకె మీద నిలబెట్టిన ట్రోఫీలాయన ఎంత సమర్థుడు! ఉదయం నివేదికతో పాటే సాయంత్రందీ పంపించేవాడు. గుర్రాల మీద అంత నమ్మకం.

మంచి అలవాటు ఒకచోట ఆగదు కదా. వారం తిరిగేసరికి ఊళ్ళో చాలా లాయాలు నూరు పాయింట్ రెండుకు వచ్చేశాయి. రెండో వారానికి మాది తప్ప అన్నీ వచ్చేశాయి. మనుషులు ఏ విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేని ఈ రోజుల్లో మూడొందల గుర్రాలు ఒక్క మాట మీద నిలబడ్డాయంటే, ఆ అంకె కనిపెట్టిన బుర్రకు చేతులెత్తి మొక్కాలి. ఎవరిదో ఆ బుర్ర, తరవాత చెబుతాను.

ఓ రోజు మా బావ నాడాలు కొట్టడానికి ట్రోఫీలాయన లాయానికి వెళ్ళొచ్చాడు. మందునీళ్ళలో కాళ్ళు ముంచి, చొక్కా మార్చుకుని, తిన్నగా నా గదికి వచ్చి తలుపు వేశాడు.

"ఏవోయ్, అక్కడ మెరుపు అని ఓ గుర్రం ఉండేది, గుర్తుందా?"

"రిజిస్టరులో ఉంది కదా బావా. ఆకలి బాగుంది, దగ్గు లేదు."

"దాన్ని పోయినేడే వాళ్ళ అల్లుడికి ఇచ్చేశారు. గది మీద పేరు పలక మాత్రం అలాగే ఉంది. ఇవాళ దాని నాడాలు చూద్దామని తలుపు తీశాను. లోపల పట్టా కప్పిన స్కూటరు ఉంది!"

నేను నోరు వెళ్ళబెట్టాను. మేనేజరు బయట పలకలు చూసి పేర్లు రాసుకున్నాడన్నమాట. తలుపులు తీయలేదన్నమాట. రెండు వారాలుగా ఒక స్కూటరు పొద్దునా సాయంత్రం నూరు పాయింట్ రెండు దగ్గర నిలబడి, ఆకలి బాగుండి, ముక్కు కారకుండా మా ఊరి ఆరోగ్యానికి తన వంతు సాయం చేస్తోంది!

బావ నవ్వలేదు. "ఇంకో సంగతి. నేనక్కడ ఉన్న గంటసేపూ దగ్గులే. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా. స్కూటరొక్కటే దగ్గలేదు."

"మరి పశువుల డాక్టరమ్మకి చెబుదామా?"

"చెబితే రేపట్నుంచి ఆ నలభై గుర్రాలకీ ఇంకొకడు నాడాలు కొడతాడు. మీ అక్క చెవిన మాత్రం వేయకు. దానికి తెలిస్తే క్షణం ఆగదు."

నేను వేయలేదు. బావ మాట కాదనే రకం కాదు నేను. పైగా యాప్ ఆకుపచ్చగా ఉంది! ప్రభుత్వ యాప్ చెప్పింది నమ్మాలా, నాడాలు కొట్టే మా బావ చెవుల్ని నమ్మాలా? మీరే చెప్పండి.

ఇప్పుడు బామ్మ గురించి చెప్పాలి. బామ్మ అంటే మా అమ్మమ్మో నానమ్మో కాదు. మా అక్క లాయంలో అన్నిటికన్నా పెద్ద గుర్రం. ఇరవయ్యారేళ్ళు. కళ్ళ పైన గుంటలు పడ్డాయి, మూతి చుట్టూ తెల్లబడింది. ఈ ఊళ్ళో స్వారీ వచ్చినవాళ్ళలో సగం మంది దాని మీదే నేర్చుకున్నారు. మా అక్క కూతురు ఐదో ఏట దాని జూలు పట్టుకుని మొదటిసారి ఎక్కింది. పిల్లలు జారుతున్నారని తెలిస్తే బామ్మ తనంతట తానే ఆగిపోయేది. నలభయ్యో ఏట నేనూ సరదాపడి ఎక్కాను. పది అడుగులు వేసి, ఆగి, తల వెనక్కి తిప్పి ఒకసారి నన్ను చూసింది. నేను దిగేదాకా కదల్లేదు. మనుషుల్ని అంచనా వేయడంలో దానికి తిరుగులేదు.

బామ్మ గది వెనక గోడ పక్కన. పొద్దుటి ఎండ అక్కడే ముందు పడుతుంది. ముసలి కీళ్ళకు హాయిగా ఉంటుందని అక్క దాన్నక్కడ ఉంచింది. ఫ్లూ వార్త వచ్చిన రోజే చెప్పింది. "ఒరేయ్, ఆ యాప్ నువ్వు చూస్తూ ఉండు. మన చుట్టుపక్కల ఒక్క లాయంలో జ్వరం కనిపించినా నాకు చెప్పు. బామ్మని దూరంగా ఆ పాత షెడ్డులోకి మార్చేస్తాను."

డాక్టరమ్మ కూడా అదే లెక్కలో ఉంది. ఈ వీధులన్నిటికీ ఆవిడే పశువైద్యురాలు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని రెండు చేతులతోనూ పని చేసే మనిషి. టీకా మందు కొద్దిగానే వచ్చిందట. ఎక్కడ జ్వరం కనిపిస్తే ఆ చుట్టుపక్కల ముసలి గుర్రాలకు ముందు వేస్తానని చెప్పింది. మా ఊరంతా ఆకుపచ్చగా ఉండటంతో ఆ సీసాలు ఇంకో ఊరికి తరలిపోయాయి. చూశారా, ఎంత పొదుపు!

మూడో వారంలో ఓ ఉదయం బామ్మ దగ్గర బీప్ వినిపించింది. తరవాత అక్క గొంతు వినిపించలేదు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాను. అక్క థర్మామీటరు తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ బీప్.

"నూట మూడు పాయింట్ నాలుగు," అంది.

బావను కేకేశాను. బావ వచ్చాడు. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బావ నెమ్మదిగా అన్నాడు, "ఎరుపు పడితే నెలపాటు గేటు మూసేస్తారు. పిల్లలంతా పక్క లాయానికి పోతారు. ఒకసారి పోయినవాళ్ళు మళ్ళీ రారు. దాన్ని మనమే చూసుకుందాం."

నేనూ నా వంతు జ్ఞానం పంచాను. "అక్కా, ఊరంతా నూరు పాయింట్ రెండే వేస్తోంది. మనమూ అదే వేద్దాం. మందు మందే, అంకె అంకే."

అక్క మమ్మల్నిద్దర్నీ ఒక చూపు చూసింది. బామ్మ పది అడుగులు వేసి వెనక్కి తిరిగి చూసిన చూపే! "ఇది చెప్పింది రాయి," అంది థర్మామీటరు చూపిస్తూ. "మనం దాచిపెడితే, ఆ చివర వీధిలో ఇంకో ముసలి గుర్రం ఉంటుంది. దాని మనిషి నాలాగే యాప్ చూసి నిశ్చింతగా ఉంటాడు. వాడి ఉసురు నాకెందుకు? రాయి."

రాశాను. ఎక్కించాను. పటంలో మా చుక్క ఎర్రబడింది.

ఆ తరవాత జరిగిన మేళ్ళు ఎన్నని చెప్పను! డాక్టరమ్మ వచ్చి బామ్మ ముక్కులోంచి దూది పుల్లతో నమూనా తీసుకెళ్ళింది. రెండో రోజుకల్లా జబ్బు ఖాయమైంది. గేటుకు ఎర్ర బోర్డు. పేపరతను అవతలి ఫుట్‌పాత్ మీదనుంచి విసరడం మొదలుపెట్టాడు. రోజూ నా ముక్కుకు తగిలేలా విసిరేవాడు, ఇప్పుడు గోడకు తగులుతోంది. లాభమే కదా? లాయాలవాళ్ళ ఫోను గ్రూపులోంచి అక్కను తీసేశారు. ఇన్నాళ్ళూ ఆ గ్రూపులో రోజుకు ఎనభై శుభోదయాలు వచ్చేవి. అదీ తప్పింది!

శాఖవారు ప్రకటన ఇచ్చారు. వ్యాధి ఒకే ఒక్క లాయానికి పరిమితమైందనీ, మిగతా ముప్ఫై అయిదు లాయాల అప్రమత్తత అభినందనీయమనీ. ట్రోఫీలాయన లాయానికి అందరికన్నా ముందు 'వ్యాధి రహితం' అని సర్టిఫికెట్ వచ్చింది. దాని వెనక నలభై ఒక్క పేర్ల జాబితా. మెరుపు పన్నెండోది. ఆయన ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి కప్పుల మధ్య పెట్టాడు. పెట్టి ఊరుకోక, గోడ మీదుగా మా అక్కకు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు కూడా.

"నీ దగ్గర ఆ థర్మామీటరే లేకపోతే ఈ ఊళ్ళో జబ్బే ఉండేది కాదమ్మా!"

ఎంత లోతైన మాట! శాఖవారు వైరస్సును వెతుక్కుంటూ తిరుగుతున్నారు గానీ, అసలు జబ్బు పుట్టేది థర్మామీటరులోనే కదా? ఊళ్ళో థర్మామీటర్లన్నీ పోగేసి చెరువులో పడేస్తే సగం రోగాలు పోవూ?

మా గుర్రాల్లో ఇంకో మూడింటికి జ్వరం వచ్చింది, తగ్గింది. బామ్మకు తగ్గలేదు. ఎనిమిదో రోజుకు ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోవడం మొదలైంది. డాక్టరమ్మ రోజుకు రెండుసార్లు వచ్చేది. సూది మందులు, సెలైను, ఆవిరి, అన్నీ చేసింది. ఓ రోజు బకెట్టు దగ్గర చేతులు కడుక్కుంటూ తనలో తాను అనుకున్నట్టు అంది.

"అసలిది గడప దాటలేదు. ఎక్కడినుంచి వచ్చింది దీనికి? పక్కన జ్వరాలున్నాయని మూడు వారాల ముందు తెలిసుంటే టీకా వేసేసేదాన్ని. సీసాలు నా చేతిలోనే ఉన్నాయి."

నేను రిజిస్టరులోకి తల దూర్చాను. ఇరవై రెండు గడులున్నాయి. ఏ ఒక్క గడీ నాకు దాక్కోవడానికి చోటివ్వలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం మూడింటికి బామ్మ పోయింది. అక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉంది. పిల్లలు జారుతుంటే ఆగినట్టే ఆగిపోయింది, ఏ హడావుడీ లేకుండా. నాకు ఏడుపొచ్చింది. వ్యంగ్య రచయితలకు ఏడుపు రాకూడదని ఎక్కడా రాసి లేదు.

కానీ వ్యవస్థ మన కోసం ఆగుతుందా? అయిదు గంటలు దగ్గరపడింది. సాయంత్రం నివేదిక ఎక్కించాలి. యాప్ తెరిచాను. ఎనిమిది గుర్రాల అంకెలు వేశాను. బామ్మ గడి ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. సున్నా వేశాను. "ఈ అంకె చెల్లదు" అంది. గీత పెట్టాను. "ఈ అంకె చెల్లదు." తొమ్మిది బదులు ఎనిమిది గుర్రాలని మారుద్దామంటే, వ్యాధి ఉన్న లాయంలో గుర్రాల సంఖ్య తగ్గించడం నిషేధమట. చాటుమాటుగా అమ్మేస్తారని ముందుజాగ్రత్త! శాఖ ఆఫీసుకు ఫోను చేశాను. అక్కడి పెద్దమనిషి చాలా మర్యాదస్తుడు.

"చనిపోయినవాటికి యాప్‌లో ఇంకా గడి పెట్టలేదండీ. పై నుంచి రావాలి. అందాకా మామూలుగా ఉండే అంకె ఏదో ఒకటి వేసేయండి."

"మామూలుగా అంటే?"

"అందరూ వేసేదేనండీ. నూరు పాయింట్ రెండు."

ఫోను స్పీకరులో ఉంది. అక్క వింది. చేతిలోని థర్మామీటరును చీర కొంగుతో తుడిచి, దారం చుట్టి, డబ్బాలో పెట్టి మూత వేసింది. "వేసెయ్‌రా, నువ్వు చెప్పిన అంకే," అంది. "మనమూ పచ్చగా ఉందాం."

పాఠకులారా, ఆ అంకె కనిపెట్టిన బుర్ర ఎవరిదో తరవాత చెబుతానన్నాను కదా. ఈ బుర్రే.

మొదటి వారంలోనే ట్రోఫీలాయన మేనేజరు గోడ మీదినుంచి తల పెట్టి నన్ను పిలిచాడు. "సార్, మీరు రాసేవాళ్ళు కదా. గుర్రానికి మామూలుగా ఎంతుంటుంది? నలభై ఒక్క తోకలు ఎత్తాలంటే నాకు భయం సార్." నేను పొంగిపోయాను. నా సలహా అడిగేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు మరి. "వంద అని వేయకండి," అన్నాను. "వంద అంటే ఇట్టే అనుమానం వస్తుంది. పక్కన ఓ రెండు పెట్టండి. నూరు పాయింట్ రెండు. చూసి రాసినట్టు ఉంటుంది." నమ్మించడం మా వృత్తి కదండీ! నా రాతలన్నిటిలోనూ ఇంతమంది ఇంత శ్రద్ధగా ఎత్తి రాసుకున్నది ఇదొక్కటే.

ఆ సాయంత్రం అక్కకు ఇదంతా చెప్పేశాను. మేనేజరు సంగతి, స్కూటరు సంగతి, బావ విన్న దగ్గులు, అన్నీ. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇంత తెలివైనవాడివి, బామ్మని ఆ గోడ పక్కనుంచి మార్చు అక్కా అని ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నేను యాప్ మూసేశాను.  ఆ నివేదిక ఎక్కించలేదు. గంటకోసారి యాప్ "మీ నివేదిక పెండింగ్‌లో ఉంది" అని మూలుగుతూనే ఉంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, ట్రోఫీలాయన కునుకు తీసే వేళ, గోడ మీద మళ్ళీ ఆ తల కనిపించింది. ఈసారి మేనేజరు నన్ను కాదు, అక్కను పిలిచాడు.

"అమ్మగారూ, ఆ థర్మామీటరు ఒక్కసారి ఇస్తారా? మూడు గుర్రాలు పొద్దుట్నుంచి లేవట్లేదు. జబ్బు రహితమని సర్టిఫికెట్ వచ్చిందని డాక్టరమ్మని పిలవనివ్వట్లేదు ఆయన. నాకు భయంగా ఉంది."

అక్క డబ్బా తీసింది. థర్మామీటరును మందునీళ్ళలో కడిగింది, దారం, క్లిప్పు సరిచూసింది. మేనేజరు చెయ్యి చాచాడు. అక్క అతనికివ్వలేదు. నా చేతిలో పెట్టింది.

వెళ్ళాను. ఒళ్ళు కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, మందునీళ్ళ పళ్ళెంలో దిగి వెళ్ళాను. యాభై మూడేళ్ళ వయసులో నేను ఎత్తిన మొదటి తోక ఒక గోధుమరంగు మగ గుర్రానిది. అది తన్నలేదు. దగ్గింది. పదో గుర్రం దగ్గరికి వచ్చేసరికి భయం పోయింది. ఇరవయ్యోదాని దగ్గర మా అక్కలా నడుము నిమరడం చేతనైంది. మేనేజరు అంకెలు అరచేతి మీద రాయడం మొదలుపెట్టాడు, అవి మోచెయ్యి దాటాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా నూరు పాయింట్ రెండు లేదు!

ఆ అంకెలన్నీ నా పేరు మీదే డాక్టరమ్మకు పంపాను. మేనేజరుకు పెళ్ళాం పిల్లలున్నారు, నాకున్నది ఈ పేజీ ఒక్కటే. ఆవిడ అరగంటలో వచ్చింది. చివరి వీధి లాయాల ముసలి గుర్రాల కోసం టీకా సీసాలు వెనక్కి తెప్పిస్తోంది. ట్రోఫీలాయన నా మీద కేసు వేస్తానంటున్నాడు. మా బావ కూడా ఇక వాళ్ళ నాడాలు కొట్టక్కర్లేదట. పొద్దున ఆ కబురు విని కూడా బావ మందునీళ్ళలో కాళ్ళు ముంచుకుని, బామ్మ గదిలోకి వెళ్ళి, దాని పాత నాడా ఒకటి జేబులో వేసుకుని వచ్చాడు.

నా మాట మీద నేను ఇప్పటికీ నిలబడే ఉన్నాను. ప్రతి ఊరికీ ఏడాదికి ఒకసారి గుర్రాల ఫ్లూ రావాలి. లేకపోతే నాలాంటివాడు తోక ఎత్తేదెప్పుడు? ఎటొచ్చీ, దానికి ఒక బామ్మను ఇచ్చుకోవాల్సి వచ్చింది.

శాఖవారి యాప్‌లో దీనికి గడి లేదు కాబట్టి నా నివేదిక ఇక్కడే సమర్పిస్తున్నాను. మా లాయంలో గుర్రాలు ఎనిమిది. తొమ్మిదోది బామ్మ, వయసు ఇరవయ్యారు, ఇక లేదు. వెనక లాయంలో గుర్రాలు నలభై. ఇరవై మూడింటికి జ్వరం. అన్నిటికన్నా ఎక్కువ నూట అయిదు. పన్నెండో పేరు మెరుపు. తలుపు తీసి, పట్టా ఎత్తి, చేయి వేసి చూశాను. దానికి మాత్రం జ్వరం లేదు.

ఈసారి చూసే రాస్తున్నాను.